దీర్ఘకాలిక అలసట వ్యాధి పరిశోధనల్లో నివేదన ప్రామాణీకరణ

మయాల్జిక్ ఎన్‌కెఫలోమయలైటిస్ లేదా క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అని పిలిచే వ్యాధిలో అలసట నెలల తరబడి వీడదు. నిద్రపోయినా సేద తీరదు. కొద్దిపాటి శ్రమ చేసినా కొన్ని గంటలకో మరునాటికో లక్షణాలన్నీ ముదురుతాయి. దీనిని నిర్ధారించే రక్తపరీక్షగాని స్కానింగుగాని ఇంతవరకు లేదు గనుక, ఒక అధ్యయనంలో ఎలాంటి రోగులను పరిశీలించారో తెలియడానికి పరిశోధకులు రాసిన వివరణ ఒక్కటే ఆధారం. ఆ వివరణలో తప్పక ఉండవలసిన అంశాలను నిర్ణయించడమే నివేదన ప్రామాణీకరణ.

తొలి ప్రయత్నాలన్నీ నిర్వచనం చుట్టూ సాగాయి. 1980ల నడుమ అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఇన్‌క్లైన్ విలేజ్ ప్రాంతాన ఇలాంటి వ్యాధి చాలామందిలో కనిపించిన తరువాత, 1988లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల ఆధ్వర్యంలో హోమ్స్ బృందం ఒక తాత్కాలిక నిర్వచనాన్ని ప్రకటించింది. 1991లో బ్రిటన్‌లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ నిర్వచనం అలసటకే ప్రాధాన్యమిచ్చింది. ఎక్కువ వాడుకలోకి వచ్చిన 1994 నాటి ఫుకుడా నిర్వచనం ఆరు నెలల అలసటతోపాటు ఎనిమిది లక్షణాలలో ఏ నాలుగు ఉన్నా చాలన్నది. అంటే అలసట మినహా ఒక్క లక్షణమైనా ఉమ్మడిగా లేని ఇద్దరు ఒకే వ్యాధిగ్రస్తులుగా లెక్కకు రావచ్చు. శ్రమానంతరం కలిగే క్షీణత కూడా ఆ ఎనిమిదింటిలో ఒకటి మాత్రమే, తప్పనిసరి కాదు. 2003 నాటి కెనడా నిర్వచనం దానిని తప్పనిసరి చేసింది.

నిర్వచనం పేరు ఒకటే అయినా దానిని ప్రయోగించే తీరును బట్టి అంకెలు ఎంతగా మారతాయో అమెరికాలోని రెండు సర్వేలు చూపాయి. కాన్సస్ రాష్ట్రం విచిటాలో వ్యాధి వ్యాప్తి లక్షకు సుమారు 235గా తేలగా, ఫుకుడా లక్షణాలను ప్రశ్నావళుల మార్కులతో కొలిచే కొత్త పద్ధతిని జార్జియా రాష్ట్రంలో వాడినప్పుడు, 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, అది 2.54 శాతానికి, అంటే పది రెట్లకు పైగా చేరింది. స్థలభేదం కొంత ఉండవచ్చుగాని ఇంతటి తేడాకు అది చాలదు.

నిర్వచనంపై ఏకాభిప్రాయం కుదిరేదాకా ఆగడం కంటే, ఏ నిర్వచనం వాడినా దానిని ఎలా వాడారో చెప్పమని కోరడం ఆచరణయోగ్యమన్న ఆలోచన 2012లో లెనర్డ్ జేసన్, ఎలిజబెత్ అంగర్ తదితరుల వ్యాసంలో రూపుకట్టింది. పరిశోధన పత్రాలు ఇవ్వవలసిన కనీస సమాచారాన్ని అది సూచించింది. ఉదాహరణకు, రోగులు ప్రత్యేక వైద్యశాల నుంచి వచ్చారా, సాధారణ జనం నుంచి ఎంపికయ్యారా అన్నది చిన్న విషయంగా తోచినా, మంచం దిగలేనివారు ఈ రెంటిలో దేనికీ అందకపోవచ్చు గనుక ఫలితాల అన్వయం చాలావరకు దానిపైనే ఆధారపడుతుంది.

2015లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల మండలి ఒకటి ఆక్స్‌ఫర్డ్ నిర్వచనాన్ని విరమించాలని సిఫారసు చేసింది. ఆ సంస్థలలో ఒకటైన నాడీ వ్యాధుల విభాగం, వ్యాధి నియంత్రణ కేంద్రాలు కలిసి 2018లో ఉమ్మడి సమాచారాంశాలను విడుదల చేశాయి. నిద్ర, నొప్పి, జ్ఞాపకశక్తి, శ్రమానంతర క్షీణత వంటివాటిని ఏ ప్రశ్నావళితో, ఏ పరీక్షతో కొలవాలో వీటిలో ఉంది. అయితే ఇవి సిఫారసులే గాని పరిశోధకులందరినీ కట్టడి చేసే నిబంధనలు కావు.