హొళగుంద దస్త్రం ఎక్కడ? జిల్లా రికార్డులను చూసే హక్కు: ఒక చారిత్రక పరిశీలన

కర్నూలు జిల్లా పశ్చిమ సరిహద్దున, ఆదోని ప్రాంతంలో కర్ణాటకకు ఆనుకొని ఉన్న మండల కేంద్రం హొళగుంద. ఇక్కడి రైతు తన తాతల నాటి భూమికి మూలాధారం వెదకదలచినా, ఒక పరిశోధకుడు ఈ గ్రామ చరిత్ర రాయదలచినా ఇద్దరికీ ఎదురయ్యే ప్రశ్నలు రెండు. కావలసిన దస్త్రం ఏ కచేరీలో ఉంది? దాన్ని చూసే హక్కు తనకు ఉందా? సమాచార హక్కును గురించిన చర్చలు సాధారణంగా రెండో ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ఆదోని, ఆలూరు తాలూకాల సీమలో మాత్రం మొదటి ప్రశ్నే ఎక్కువ చిక్కైనది. 1800 నుంచి నేటి వరకు ఈ రెండు ప్రశ్నలకు లభించిన సమాధానాలను వరుసగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. దస్త్రాన్ని చూసే హక్కు క్రమంగా విస్తరించగా, దస్త్రం ఉన్న చోటు క్రమంగా ప్రజలకు దూరమైందని, అందువల్ల నేటి కొరత ప్రధానంగా దస్త్రాల పట్టికల కొరతేనని ఇందులోని ప్రతిపాదన.

1. కరణం ఇంటి కవిలె

కంపెనీ పాలనకు ముందు గ్రామ దస్త్రమంటే కరణం దగ్గర ఉండే కవిలె. తాటాకుల మీది లెక్కలతోపాటు కడితాలు కూడా వాడుకలో ఉండేవి. బట్టకు బొగ్గుపొడి, చింతగింజల జిగురు కలిపి పూసి, ఆరబెట్టి, మడతలు పెట్టి, బలపంతో రాసే నల్లని లెక్కల పుస్తకమే కడితం. కన్నడంలో దీన్నే ‘కడత’ అంటారు. రెండు భాషలూ కలసిన హొళగుంద వంటి సరిహద్దు సీమలో ఈ రెండు మాటల పొత్తు సహజమే. గ్రామ పూర్వవృత్తాంతాన్ని, మాన్యాలను, హద్దులను తెలిపే దండకవిలె కూడా కరణం ఆధీనంలోనే ఉండేది. కల్నల్ కాలిన్ మెకంజీ తన సహాయకుల ద్వారా సేకరింపజేసిన కైఫీయతులలో అనేకం ఇటువంటి కవిలెల ఆధారంగా రాసినవే.

ఆ దశలో దస్త్రాన్ని చూడడం హక్కుగా రూపొందలేదు. అది కరణంతో ఉన్న సంబంధాన్ని బట్టి దక్కే సౌకర్యం. చదువు రాని రైతు తన పొలం లెక్కను కరణం నోట వినవలసిందే. అయితే ఆ దస్త్రం ఊళ్లోనే ఉండేది. ఎవరి ఇంట్లో, ఏ పెట్టెలో ఉందో ఊరందరికీ తెలుసు. దూరం లేదు, హక్కూ లేదు: ఈ చరిత్రకు తొలి స్థితి ఇది.

2. కచేరీకి చేరిన లెక్క

1800 అక్టోబరు 12న నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన ఒడంబడికతో ఈ సీమ కంపెనీ వశమైంది. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. గొలుసులతో పొలం పొలాన్నీ కొలిపించి, రైతు పేరున శిస్తు నిర్ణయించే పద్ధతికి పునాది వేశాడు. 1827లో ఆయన కలరా సోకి మరణించినదీ ఈ ప్రాంతానికి చెందిన పత్తికొండలోనే. 1808లో దత్తమండలాలు బళ్లారి, కడప జిల్లాలుగా విడిపోగా ఆదోని సీమ బళ్లారి జిల్లాలో చేరింది.

రైత్వారీ విధానం వల్ల దస్త్రానికి రెండు నివాసాలు ఏర్పడ్డాయి. మూలలెక్క గ్రామంలో కరణం దగ్గర ఉండగా, దాని సారం తాలూకా కచేరీకీ, అక్కడి నుంచి బళ్లారి కలెక్టరు కచేరీకీ, చివరకు మదరాసు రెవెన్యూ బోర్డుకూ చేరేది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ దేవాలయ, వ్యక్తిగత మాన్యాలను విచారించి తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు ఈ క్రమంలో వచ్చిన మరొక ముఖ్యమైన దొంతర. దానం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, విచారణనాటికి ఎవరు అనుభవిస్తున్నారు అన్న వివరాలు వీటిలో దొరుకుతాయి. శాసనాల మీద పనిచేసే వారికి ఇవి విలువైన పూరకాలు.

చూసే హక్కుకు తొలి చట్టరూపం కూడా ఈ శతాబ్దంలోనే లభించింది. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 74వ సెక్షను ఏవి ప్రభుత్వ పత్రాలో నిర్వచించింది. పరిశీలించే హక్కు ఉన్నవారు కోరితే, రుసుము తీసుకొని ధ్రువీకరించిన నకలు ఇవ్వాలని 76వ సెక్షను అధికారిని ఆదేశించింది. కాని ఆ పరిశీలన హక్కు ఎవరికి ఉందో ఆ సెక్షను చెప్పలేదు. అందుచేత నకలు కోరినవాడు ముందుగా తనకు ఆ పత్రంతో గల సంబంధాన్ని చూపవలసి వచ్చేది. ఈ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ నకళ్ల నిబంధన కొనసాగుతూనే ఉంది.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఇంకొంత ముందుకు వెళ్లింది. దాని 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి పత్రాలను నమోదుచేసే మొదటి పుస్తకాన్నీ, దాని సూచికలనూ రుసుము చెల్లించిన ఎవరైనా చూడవచ్చు, నకలు పొందవచ్చు. ఇతర పత్రాలు నమోదయ్యే నాలుగో పుస్తకం మాత్రం సంబంధిత పక్షాలకే పరిమితం. భూమి కొనేవాడు మోసపోకుండా చూడడం ఈ బహిరంగతకు కారణం. అంటే వలసపాలన తెరచిన తలుపు ఆస్తి వ్యవహారం మేరకే తెరచుకుంది. పరిపాలన ఎలా సాగిందో తెలుసుకోదలచినవారికి అది మూసే ఉంది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఆ మూతను బిగించింది.

3. ఫసలీ 1363: రెండు జిల్లాల మధ్య

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. ఆదోని, ఆలూరులు కర్నూలు జిల్లాలోనూ, రాయదుర్గం అనంతపురం జిల్లాలోనూ కలిశాయి. ఈ విభజన రాజకీయ చరిత్ర చాలామంది రాసినదే. దస్త్రాల చరిత్రగా దాన్ని చూసినవారు తక్కువ.

రెవెన్యూ లెక్కలు ఫసలీ సంవత్సరాన్ని అనుసరిస్తాయి. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే, ఆ ఫసలీ జూలైలో మొదలయ్యే క్రీస్తుశక సంవత్సరం వస్తుంది. ఆ లెక్కన 1953 జూలైలో మొదలైనది ఫసలీ 1363. ఆ ఒక్క ఫసలీలో మొదటి మూడు నెలలు హొళగుంద సీమ బళ్లారి కలెక్టరు కింద ఉంది, మిగిలిన తొమ్మిది నెలలు కర్నూలు కలెక్టరు కింద ఉంది. పొలం మారలేదు, పైరు మారలేదు, కరణమూ మారలేదు. లెక్క పైకి వెళ్లే దారి మాత్రం సంవత్సరం నడుమ మారిపోయింది.

దీని ఫలితంగా ఒకే గ్రామాన్ని గురించిన దస్త్రాలకు మూడు రాష్ట్రాలలో వెదకవలసి వస్తుంది. 1953 తరువాతి జిల్లాస్థాయి వ్యవహారాలకు కర్నూలు మూలం. అంతకు ముందు ఈ సీమకు జిల్లా కచేరీ బళ్లారి. రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఈ ప్రాంతపు గ్రామచరిత్ర శాసనాల మీద, మౌఖిక సంప్రదాయాల మీద మాత్రమే నిలబడి, నడుమనున్న నూటయాభై ఏళ్లను తేలికగా దాటిపోవడానికి ఇదొక ప్రధాన కారణం.

4. కరణీకం రద్దు

1895 నాటి మదరాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం కరణీకాన్ని వారసత్వపు ఉద్యోగంగా గుర్తించింది. ఉద్యోగంతోపాటు దస్త్రాల పెట్టె కూడా ఒక తరం నుంచి మరో తరానికి అందేది. 1984 జనవరి 6న వెలువడిన ఆర్డినెన్సుతో ఆంధ్రప్రదేశ్‌లో పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులు రద్దయ్యాయి. వంశపారంపర్య అధికారం అంతం కావడం సామాజికంగా పెద్ద మార్పు. దస్త్రాల దృష్టితో చూస్తే, గ్రామంలో దస్త్రానికి ఉన్న స్థిరమైన చిరునామా ఆనాటితో చెరిగిపోయింది. ఆ వెంటనే 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. ముప్పై ఏళ్ల వ్యవధిలో జిల్లా మారింది, గ్రామంలో దస్త్రాన్ని కాపాడే వ్యక్తి పోయాడు, తాలూకా కచేరీ పరిధి మారింది. ఒక్కో మార్పుకూ దానికి తగిన కారణం ఉంది. అయితే ఏ దస్త్రం ఎక్కడికి చేరిందో సామాన్యుడు తెలుసుకోగల పట్టిక మాత్రం ఈ మార్పుల వెంట నడవలేదు.

5. కారణం చెప్పనక్కరలేని హక్కు

2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది. దత్తమండలాల ఒడంబడికకు సరిగ్గా 205 ఏళ్లు నిండిన రోజది. యాదృచ్ఛికమే అయినా ఈ సీమ చరిత్రకారుడికి గుర్తుండే తేదీ.

ఈ చట్టం తెచ్చిన మౌలికమైన మార్పు 6(2) సెక్షనులో ఉంది. దరఖాస్తుదారు సమాచారం ఎందుకు కోరుతున్నాడో చెప్పనక్కరలేదు. 1872 నుంచి వస్తున్న ‘నీకేమి సంబంధం?’ అన్న ప్రశ్న దీనితో చెల్లకుండా పోయింది. సమాచార హక్కులో దస్త్రాలను స్వయంగా పరిశీలించడం, రాసుకోవడం, ధ్రువీకృత నకళ్లు పొందడం కూడా భాగమని 2(జె) సెక్షను స్పష్టం చేసింది. పౌర సమాచార అధికారి 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. ఇవ్వకపోయినా, ఇచ్చినది తృప్తికరంగా లేకపోయినా 30 రోజులలోగా అదే శాఖలోని పై అధికారికి తొలి అప్పీలు, ఆపై 90 రోజులలోగా సమాచార కమిషనుకు రెండో అప్పీలు చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయాలకు దరఖాస్తు రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాలలో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఏ స్థాయిలోనూ రుసుము లేదు.

చరిత్ర పరిశోధకులు ప్రత్యేకంగా గుర్తించవలసినది 8(3) సెక్షను. దరఖాస్తు తేదీకి 20 ఏళ్లకు ముందు జరిగిన విషయాలకు, దేశభద్రత, శాసనసభల హక్కులు, మంత్రివర్గ పత్రాలకు సంబంధించిన మినహాయింపులు తప్ప, మిగిలిన మినహాయింపులు వర్తించవు. హొళగుంద 1953 నాటి దస్త్రాన్ని కోరినవారికి ‘రహస్యం’ అన్న సమాధానం దాదాపుగా రాకూడదు.

వచ్చే సమాధానం వేరు: ‘ఆ దస్త్రం ఈ కార్యాలయంలో లభ్యం కాలేదు.’ అధికారి తన ఆధీనంలో ఉన్న సమాచారాన్నే ఇవ్వగలడు. లేని సమాచారాన్ని తయారుచేసి ఇవ్వవలసిన బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో తేల్చింది. ఒక కార్యాలయంలో లేనిది మరో కార్యాలయంలో ఉంటే దరఖాస్తును 5 రోజులలో అక్కడికి బదిలీ చేయాలని 6(3) సెక్షను చెబుతుంది. కాని బదిలీ చేయాలంటే అది ఎక్కడుందో ముందు తెలియాలి.

6. భాష, పేరు, పట్టిక

సరిహద్దు సీమకు మరో చిక్కు దరఖాస్తు భాష. 6(1) సెక్షను ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, దరఖాస్తు చేసే ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలి. హొళగుంద రైతు కర్నూలుకు తెలుగులో రాయవచ్చు. బళ్లారికి రాయాలంటే కన్నడం, చెన్నైకి రాయాలంటే తమిళం లేదా ఇంగ్లీషు ఆశ్రయించవలసిందే. తన ఊరి గతాన్ని తన భాషలో అడిగే హక్కు అతనికి 1953 తరువాతి కాలానికే ఉంది.

అడిగే పద్ధతి కూడా దస్త్రం భాషను ఎరిగి ఉండాలి. ‘మా తాత పొలం కాగితాలు’ అని అడిగితే దొరకనిది, ఫసలీ, సర్వే నంబరు, రిజిస్టరు పేరు చెబితే దొరకవచ్చు. అడంగల్ తమిళం నుంచి, నకలు అరబ్బీ నుంచి, దస్త్రం, జమాబందీ పారశీకం నుంచి వచ్చిన మాటలు. ఒక్కో పదం ఒక్కో పాలనాయుగం వదిలిన ఆనవాలు. ఊరిపేరు సైతం హొళగుంద, హోళగుంద, హొలగుంద అని పలురూపాలలో రాస్తున్నప్పుడు, కంప్యూటరులో ఒక్క రూపంతో వెదికినవారికి తక్కినవి కనబడవు. ఈ పదజాలాన్నీ, నామరూపాలనూ సంకలించడం తెలుగుశాఖలు చేయదగిన పని. నిఘంటుకారులకు ఉపయోగపడే ఆ సంకలనం రైతుకూ ఉపయోగపడుతుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది 4(1)(ఎ) సెక్షను. ప్రతి ప్రభుత్వాధికార సంస్థా తన దస్త్రాలన్నింటికీ సక్రమమైన పట్టికలు, సూచికలు తయారుచేసి ఉంచాలని అది విధిస్తుంది. దరఖాస్తు అందిన తరువాత చేయవలసిన పని ఇది కాదు, ఎవరూ అడగకముందే చేసి ఉంచవలసినది. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్రప్రభుత్వానికి, కేంద్రపాలిత ప్రాంతాలకు మాత్రమే వర్తిస్తుంది కనుక, జిల్లా దస్త్రాల విషయంలో పౌరుడికి ఈ చిన్న ఉపసెక్షను పెద్ద ఆధారం. దస్త్రం కోరే ముందు దస్త్రాల పట్టికనే కోరడం, అంటే జిల్లా రికార్డు గదిలో ఫలానా తాలూకాకు చెందిన ఏయే రిజిస్టర్లు ఏయే ఫసలీలకు ఉన్నాయో, 1953లో బళ్లారి నుంచి స్వీకరించిన దస్త్రాల జాబితా ఉందో లేదో అడగడం, పరిశోధకుడు వేయవలసిన తొలి అడుగు.

ముగింపు

రెండు శతాబ్దాల ఈ క్రమాన్ని గమనిస్తే రెండు ఎదురు కదలికలు కనిపిస్తాయి. కరణం దయ నుంచి సంబంధం చూపిన వారి హక్కుకూ, అక్కడి నుంచి కారణం చెప్పనక్కరలేని హక్కుకూ చట్టం నడచివచ్చింది. అదే కాలంలో దస్త్రం ఊరి నుంచి తాలూకాకు, జిల్లాకు, రాజధానికి, చివరకు పొరుగు రాష్ట్రాలకు తరలింది. మొదటి కదలిక పార్లమెంటు చేసినది. రెండో కదలిక కలిగించిన నష్టాన్ని పూరించడం మాత్రం పార్లమెంటు ఒక్కదానివల్ల అయ్యేది కాదు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడులలోని బళ్లారి జిల్లా దస్త్రాలకు ఉమ్మడి పట్టిక ఒకటి తయారైతే తప్ప, హొళగుంద వంటి గ్రామాల విషయంలో చూసే హక్కు సంపూర్ణం కాదు. మెకంజీ కాలంలో గ్రామగ్రామానికీ తిరిగి కైఫీయతులు రాసినవారు చేసినది ఒక విధంగా ఇటువంటి పనే. ఆనాడు ఏలికల అవసరం కోసం జరిగిన ఆ పనిని నేడు పౌరుల కోసం చేపట్టవలసి ఉంది. అందులో మొదటి భారం విశ్వవిద్యాలయాల చరిత్ర, తెలుగు శాఖలదే.