రుణపత్రం లేని వెట్టి: ములుగు మిరప తోటలు, మన చట్టాలు

మిరపకాయ పండే వేళకు ఛత్తీస్‌గఢ్ కోయ కుటుంబాలు ములుగు జిల్లా తోటల్లోకి వలస వస్తాయి. బీజాపూర్, సుక్మా వైపు నుంచి కొందరు అడవి దారిన నడిచి వస్తారు. మరికొందరు భోపాలపట్నం మీదుగా 163వ జాతీయ రహదారి పట్టి, ముల్లకట్ట దగ్గర గోదావరి దాటుతారు. కాయ ఏరడం, కల్లంలో ఆరబోయడం, తాలు తీయడం, బస్తాలకెత్తడం ఏప్రిల్ దాకా సాగుతాయి. పంట వరంగల్లు ఎనుమాముల మార్కెట్‌లో కాటా మీదికెక్కుతుంది. ఏరిన వాళ్ల పేర్లు రిజిస్టరుకెక్కడం మాత్రం అరుదు. బలవంతపు చాకిరీని నిషేధించే ఇన్ని చట్టాలుండగా ఈ కూలీలు వాటి కంట పడకపోవడానికి కారణమేమిటి? లోపం కొంత చట్టాల రాతలో ఉంది. అంతకంటే ఎక్కువగా, విచారణను ఎక్కడ మొదలుపెడుతున్నామన్న దానిలో ఉందని ఈ వ్యాసం వాదన.

ములుగు ఉన్న వరంగల్లు సీమకు బలవంతపు చాకిరీ చరిత్ర కొత్తది కాదు. నిజాం పాలనలో దొర గడీకి, దౌరాకు వచ్చిన అధికారికి ఊళ్లు వెట్టి చేశాయి. అప్పు కింద ఏళ్ల తరబడి షావుకారు ఇంట పనిచేసే మనిషి భాగేలా. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ వెట్టిని ప్రజల ముందు పెట్టింది. 1943లో నిజాం ప్రభుత్వం భాగేలా ఒప్పందాలపై ఒక నిబంధన తెచ్చింది. అది పద్ధతిని రద్దు చేయలేదు, ఒప్పందాలను అదుపులో పెట్టాలని చూసింది. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో పల్లెలు తిరగబడ్డ కారణాల్లో వెట్టి ముందు వరసలో ఉంది.

1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దేశంలోని దాస్య పద్ధతులను పేరుపేరునా చెబుతుంది. ఆ జాబితాలో భాగేలా, జీత, పాలేరు, వెట్టి నాలుగూ ఉన్నాయి. వెనకటి తేదీతో 1975 అక్టోబరు 25 నుంచి వర్తించిన ఈ చట్టం అప్పును రద్దు చేసింది, ఒప్పందాన్ని చెల్లనిదిగా ప్రకటించింది, జిల్లా కలెక్టరుకు అధికారమిచ్చింది, జిల్లాలో, సబ్‌డివిజన్‌లో నిఘా కమిటీలు వేయమంది. దాని 15వ సెక్షన్‌కు తగినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం. ఇది వెట్టి అప్పు అని కూలీ అన్నప్పుడు, కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అప్పిచ్చినవాడిదే. కూలీ చేతిలో కాగితం లేకపోవడం కూలీకి నష్టం కాకూడదన్నది అందులోని ఉద్దేశం. ఆచరణలో జరుగుతున్నది వేరు. మొదటి ప్రశ్నే “అప్పు ఎంత, పత్రం ఏది?” అయి కూర్చుంది. కూలీలను కుదిర్చే మేస్త్రి నోటిమాటగా ఇచ్చిన అడ్వాన్సుకు పత్రం ఎక్కడ దొరుకుతుంది?

2020 ఏప్రిల్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. ములుగు జిల్లా మిరప తోటల్లో రెండు నెలలుగా పనిచేస్తున్న బీజాపూర్ జిల్లా బాలిక ఒకతె, పన్నెండేళ్లది, లాక్‌డౌన్‌లో పని ఆగిపోతే తోటి కూలీలతో ఇంటిదారి పట్టింది. మూడు రోజులు అడవిలో నడిచి, ఏప్రిల్ 18న ఊరికి కొద్ది దూరంలో ప్రాణం విడిచింది. కరోనా పరీక్షలో ఆమెకు వ్యాధి లేదని తేలింది. కుటుంబ పనిలో సాయం వంటి కొన్ని మినహాయింపులు తప్ప, పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పని చేయించకూడదని బాల కార్మిక చట్టపు 2016 సవరణ చెప్పింది. ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20 వేల నుంచి 50 వేల జరిమానా శిక్షగా పెట్టింది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల 1979 చట్టం రానుపోను ప్రయాణ భత్యం ఇవ్వాలంది. అయితే అది ఐదుగురు, అంతకుమించి వలస కూలీలున్న చోటికే, అదీ కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారికే వర్తించింది. అన్నావదినెల వెంటో, ఊరివాళ్ల వెంటో వచ్చినవాళ్లు ఆ చట్టానికి కనబడలేదు.

మనుషుల అక్రమ రవాణా మీది చట్టమూ ఇక్కడ తడబడుతుంది. 2013 ఫిబ్రవరి ఆర్డినెన్సులో శిక్షాస్మృతి 370వ సెక్షన్ దోపిడీ నిర్వచనంలో బలవంతపు చాకిరీ ఉంది. ఏప్రిల్‌లో వచ్చిన చట్టంలో ఆ మాట పోయి “శారీరక దోపిడీ” వచ్చింది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ భిక్షాటనను చేర్చింది గానీ, పోయిన మాటను తిరిగి తేలేదు. భారత్ 2011లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి పలెర్మో ప్రోటోకాల్ ప్రకారం, పిల్లలను దోపిడీ కోసం తరలించినప్పుడు బెదిరింపో మోసమో చూపించనక్కర్లేదు. మన సెక్షన్‌లో చూపించాలి. 2018లో లోక్‌సభ ఆమోదించిన అక్రమ రవాణా బిల్లు రాజ్యసభ దాటకుండానే మురిగిపోయింది.

మరి పట్టు ఎక్కడ దొరుకుతుంది? 1982 ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో. ఆకలి కూడా ఒక బలప్రయోగమేనని, కనీస వేతనానికి తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని జస్టిస్ పి.ఎన్.భగవతి రాశారు. ఈ సూత్రాన్ని కల్లం దగ్గరికి తెచ్చి చూద్దాం. కొన్నిచోట్ల కూలి డబ్బుగా కాక మిరపకాయలుగా ముడుతుంది. ఆ కాయల ధర ఎంతని కట్టారు, తూకం ఎవరు చూశారు, రోజుకు ఎన్ని గంటల పని? ఈ మూడు లెక్కలు తీస్తే కనీస వేతనం అందిందో లేదో సాయంత్రానికల్లా తేలుతుంది. ఇందుకు అప్పుపత్రం అక్కర్లేదు. 1948 కనీస వేతనాల చట్టం కూడా, ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, కూలిని నగదుగానే ఇవ్వమంది.

ఇది రైతును దోషిగా నిలబెట్టడానికి చెబుతున్న మాట కాదు. కౌలుకు రెండెకరాల మిరప వేసినవాడి మెడకూ షావుకారు అప్పు ఉంటుంది. తెగులు తగిలి ధర పడితే అతను కూలి కోయక ఏం చేస్తాడన్నది న్యాయమైన ప్రశ్నే. అయినా ఆ నష్టాన్ని అందరికంటే బలహీనులైన వలస పిల్లల మీదికి నెట్టడాన్ని ఏ వ్యవసాయ సంక్షోభమూ సమర్థించలేదు.

2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు సొంతంగా వచ్చిన వలస కూలీని నిర్వచనంలోకి తీసుకున్నాయి. అది మంచి మార్పు. కానీ ఐదుగురన్న పరిమితిని పదికి పెంచడంతో చిన్న కమతాలు మళ్లీ బయటే మిగులుతాయి. కాబట్టి ములుగులో మొదటి బాధ్యత 1976 చట్టం కింది నిఘా కమిటీదే. కోత మొదలయ్యే జనవరిలోనే కమిటీ వాజేడు, వెంకటాపురం, ఏటూరునాగారం, మంగపేట తోటలకు వెళ్లాలి. కోయ భాష తెలిసినవాళ్లను వెంట తీసుకుని, వచ్చినవారి పేర్లు, పిల్లల వయసు, కూలి రేటు, తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరిదన్నది రాసుకోవాలి. ఈ పనికి కొత్త చట్టం అవసరం లేదు, కలెక్టరు సంతకం చాలు.