రెండు వైపులా వినాలి

మంట కొంచెం ఎగదొయ్యండ్రా. కూర్చోండి. పొద్దున్న మీరిద్దరూ ఏదో పాట గొప్పా ఏదో పాట చెత్తా అని కొట్టుకుంటుంటే నాకు 1980 గుర్తొచ్చింది. ఆ ఏడు వచ్చిన వాటిలో ఏది గొప్ప అని కిరందుల్లో మేం ఒక చలికాలమంతా దెబ్బలాడుకున్నాం. చేతులతో కాదులే, నోటితోనే.

అప్పటికి ఛత్తీస్‌గఢ్ లేదు. ఇదంతా మధ్యప్రదేశ్. బస్తరంతా కలిపి ఒకటే జిల్లా, కేరళ రాష్ట్రం కన్నా పెద్దది. కిరందుల్ పక్కనే ఉన్న బైలదిల్లా ఇనుప గనుల్లో పనికని ఎక్కడెక్కడి వాళ్లో వచ్చాం. మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లయితే కొత్తవలస రైలెక్కి, అరకు సొరంగాలన్నీ దాటి దిగిపోయేవాళ్లు. విశాఖ నుంచి సుమారు 470 కిలోమీటర్లు. మేం తవ్విన ఇనుపరాయి అదే లైను మీద వెనక్కెళ్లి, విశాఖ రేవులో ఓడెక్కి జపాను పోయేది. జపాను నుంచి టేప్‌రికార్డర్లు అదే రేవు బజారు మీదుగా మా క్వార్టర్లకు వచ్చేవి. మన రాయే పాటలు నేర్చుకుని తిరిగొచ్చింది అనేవాడు మా బావ.

బావకి హార్మోనియం పిచ్చి. ఆయన పార్టీ శంకరాభరణం. ఫిబ్రవరి 2న విడుదలైంది. మొదట్లో హాళ్లు పల్చగానే ఉన్నాయి, ఆనోటా ఈనోటా పడ్డాక టిక్కెట్టు దొరకలేదు. మహదేవన్‌కి, బాలుకి, వాణీ జయరాంకి ముగ్గురికీ జాతీయ అవార్డులు. "శాస్త్రీయం పద్ధతిగా నేర్చుకోని బాలు చేత మహదేవన్ సహాయకుడు పుహళేంది కూర్చోబెట్టి నేర్పించి అలా పాడించాడంటే ఏటనుకున్నారు? ఆ శాస్త్రి వేషం వేసిన సోమయాజులు మన వైపు వాడు, డిప్యూటీ కలెక్టరు!" అని బావ తొడ కొట్టేవాడు.

రాయపూర్ నుంచి వచ్చిన ఫిట్టర్ ఒకడు ఒప్పుకునేవాడు కాదు. వాడిది హిందీ సినిమా కుర్బానీ. పదిహేనేళ్ల పిల్ల నాజియా హసన్ లండన్లో పాడిన ఒక్క పాటకి దేశమంతా ఊగింది కదా, మీ శంకరాభరణానికి ఎవరైనా ఊగారా అని వాడి వాదన. "ఊగడానికి అదేం ఉయ్యాలా?" అని బావ.

ఖమ్మం వైపు నుంచి వచ్చిన డంపర్ డ్రైవరు ఈ రెంటికీ నవ్వేవాడు. అతని లెక్కలో ఆ ఏడు ఒకటే సినిమా, మా భూమి. గొంగడి వేసుకుని గద్దర్ తెర మీదికొచ్చి పాడిన పాట. కట్టింది బండి యాదగిరి. ఆ డ్రైవరు దగ్గర క్యాసెట్ లేదు, గొంతే ఉంది. 1978 ఏప్రిల్‌లో ఇదే కిరందుల్లో పని పోయిన గని కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చచ్చిపోయారు. అది జరిగి రెండేళ్లు దాటినా బజారులో దాని మాట ఎత్తితే గొంతు తగ్గించేవాళ్లు. అతను మాత్రం పాట ఎత్తితే తగ్గించేవాడు కాదు.

ఇక కలకత్తా కుర్ర ఇంజనీరు. విశాఖ రేవులో కొన్న క్యాసెట్ ఒకటి తెచ్చాడు. అట్ట మొత్తం నలుపు. బ్యాక్ ఇన్ బ్లాక్ అట. పాడేవాళ్ల పేరు ఏసీ/డీసీ అనేసరికి మా ఎలక్ట్రీషియన్లు సంబరపడ్డారు. మొదలవగానే గంట మోగింది. "హారతి పాటా?" అన్నాడు బావ. ఆ తర్వాత గిటార్లు అందుకున్నాయి చూడు, మీ అమ్మమ్మ వంటింట్లోంచి గరిటెతో బయటికొచ్చింది. క్రషర్‌లో ఎనిమిది గంటలు విన్నది చాల్లేదా, ఇంటికి కూడా తెచ్చారా అని.

అందరం నవ్వాం. ఆ కుర్రాడు మాత్రం నవ్వలేదు. "మీ క్యాసెట్ రెండు వైపులా కూర్చుని విన్నాను నేను. నాది ఒక పాటకే ఆపేస్తారా?" అన్నాడు. మాట సబబుగా ఉంది. ఆ రోజు నుంచి అదే చట్టం అయింది. ఎవడి సరుకైనా రెండు వైపులా విన్నాకే నోరెత్తాలి. క్యాసెట్ లేనివాడు పాడితే చివరి చరణం దాకా కూర్చోవాలి. ఎర్రదుమ్ముకి టేప్‌రికార్డర్ హెడ్డు మూసుకుపోయేది, స్పిరిట్‌లో దూది ముంచి తుడిచి మళ్లీ పెట్టేవాళ్లం. ఆ ఇంజనీరే చెప్పాడు, టేపు మీద పూసే గోధుమరంగు పూత కూడా ఐరన్ ఆక్సైడేనట. మనం కొట్టుకునేదంతా ఒకే తుప్పు మీదన్నమాట అన్నాడు ఫిట్టర్.

రెండో వైపు కూడా అయ్యాక బావ అడిగాడు, ఆ అట్ట అంత నలుపేటి బాబూ అని. కుర్రాడు చెప్పాడు. వాళ్ల గాయకుడు బాన్ స్కాట్ ఫిబ్రవరిలో చచ్చిపోయాడు. జట్టు విడిపోతుందనుకున్నారు. బ్రయాన్ జాన్సన్ అని ఇంకొకణ్ని తెచ్చుకుని, జూలైకల్లా ఇది విడుదల చేశారు. నలుపు పోయినవాడి కోసం. గంటా వాడి కోసమే.

బావ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే మన శాస్త్రి కథే కదరా! కచేరీలో పాడుతూ ఆయన కూలిపోతే శిష్యుడు అందుకుంటాడు. ఇక్కడా అంతే. ఆ గంట మళ్లీ పెట్టు" అన్నాడు. ఆ కుర్రాడి మొహం వెలిగిపోయింది. వాడికి శంకరాభరణం చివర కథ అప్పటిదాకా ఎవరూ హిందీలో చెప్పలేదు. పాటలు విన్నాడంతే. ఆ రాత్రి బావ చెప్పాడు, వచ్చీరాని హిందీలో, చేతులూపుతూ.

మా షిఫ్టులో మాడియా తెగ హెల్పరొకడు ఉండేవాడు. అన్నీ విని, హల్బీలో తేల్చేశాడు. నల్లదే నయం, అడుగు ఎక్కడ వెయ్యాలో డోలే చెబుతోంది, కానీ మీరంతా కూర్చునే ఉన్నారేంటి అని. వాళ్ల పండగల్లో వినేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు ఉండరు మరి. ఆ మాటకి ఎవ్వడి దగ్గరా జవాబు లేదు. ఫిట్టర్ మాత్రం ఊగడం లెక్కలోకి వస్తుందన్నమాట అని ఎగిరాడు.

తీర్పా? రాలేదు. ఎవడి ఓటు వాడికే. కానీ ఆ తర్వాత డ్రైవరు పాడుతుంటే ఇంజనీరు డబ్బా మీద దరువేసేవాడు. ఫిట్టర్ డ్యూటీకి వెళ్తూ శంకరాభరణం ఈలపాట పాడేవాడు, శ్రుతి తప్పి. బావ తల పట్టుకునేవాడు.

మీరు ఫోన్లో పది సెకన్లు విని పక్కకి తోసేసి, చెత్త అంటారు. అనండి, కానీ మొత్తం విని అనండి. నన్నడిగితే 1980లో శంకరాభరణమే గొప్ప. ఇప్పటికీ అదే మాట. కాదనేవాడు రమ్మనండి వాదిద్దాం. ఆ నల్ల క్యాసెట్ రెండు వైపులా విన్నవాణ్ని, నాకు ఆ హక్కుంది.