ఇంజిన్ ఆగనివ్వకండి



1976 ఫిబ్రవరి 15న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో డేటోనా 500 అనే కార్ల పందెం జరిగింది. రెండున్నర మైళ్ల బాట మీద 200 చుట్లు, మొత్తం 500 మైళ్లు. చివరికి పోటీ ఇద్దరి మధ్యకు వచ్చింది: రిచర్డ్ పెట్టీ, డేవిడ్ పియర్సన్. అక్కడి స్టాక్ కార్ ప్రధాన పందేలలో అందరికంటే ఎక్కువసార్లు గెలిచినవారు వీరిద్దరే. పెట్టీ 200 సార్లు, పియర్సన్ 105 సార్లు.

ఆఖరి చుట్టు మొదలైనప్పుడు పెట్టీ ముందున్నాడు. అవతలి వైపు తిన్నని దారిలో పియర్సన్ అతన్ని దాటేశాడు. మలుపు దగ్గర పెట్టీ లోపలి వైపు నుండి దూసుకొచ్చి మళ్లీ ముందుకు వెళ్లబోయాడు. అంతలో రెండు కార్లూ ఒకదానికొకటి తగిలాయి. రెండూ గోడకు కొట్టుకొని గిరగిరా తిరిగిపోయాయి. పెట్టీ కారు ముగింపు గీతకు కొద్ది దూరంలో గడ్డి మీద ఆగింది. ఎంత ప్రయత్నించినా స్టార్ట్ కాలేదు.

పియర్సన్ గీతకు ఇంకా దూరంగా ఉన్నాడు. కారు ముందు భాగం నుజ్జునుజ్జయింది. అయితే కారు గిరగిరా తిరుగుతున్నప్పుడే అతడు క్లచ్ తొక్కిపట్టి ఇంజిన్ ఆగకుండా కాపాడుకున్నాడు. ఆ సంగతి ట్రాక్టర్ తోలే మన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. నలిగిన ఆ కారు గడ్డి మీదుగా మెల్లగా పాకుతూ, ఆగిపోయిన కారును దాటి, గీత దాటింది. గెలుపు పియర్సన్‌ది. పెట్టీ కారును అతని మనుషులు నెట్టి గీత దాటించగా రెండవ స్థానం దక్కింది.

ఆ రోజు మెరుపు వేగంతో దాటినవేవీ పందెాన్ని తేల్చలేదు. అన్నిటికన్నా మెల్లగా దాటినదే తేల్చింది.

ప్రియులారా, మనలో పడిపోనివారెవరు? పడిన తరువాత సిగ్గుతో ప్రార్థన మానేస్తాము, సంఘానికి రావడం మానేస్తాము. ముఖం చూపించలేక ఇంట్లోనే ఉండిపోతాము. పేతురు కూడా మూడుసార్లు ప్రభువును ఎరుగనన్నాడు. కాని అతని విశ్వాసం ఆరిపోకూడదని యేసు ముందే ప్రార్థించి ఉన్నాడు (లూకా 22:32). అతన్ని నిలిపింది అతని బలం కాదు, ప్రభువు విజ్ఞాపనే. ఆ విజ్ఞాపన మన కోసమూ ఈ రోజు జరుగుతూనే ఉంది (హెబ్రీ 7:25).

కాబట్టి నలిగినవారమైనా, నెమ్మదిగానైనా, ఒక్క చిన్న ప్రార్థనతోనైనా మనము ముందుకే కదులుదాము. ప్రభువు మనల్ని గమ్యము చేర్చును గాక. ఆమేన్.