వంటగట్టు ఎత్తు ఎవరు కొలిచారు?

మన పల్నాడు తాండాల చరిత్ర అనగానే బిడారులు, ఉప్పు మూటలు, సేవాలాల్ మహరాజ్ దగ్గర మొదలుపెడతాం. ఈసారి పొయ్యి గురించి రాస్తున్నాం. కారణం ఏంటంటే, బొల్లాపల్లి నుంచి దుర్గి, వెల్దుర్తి, మాచర్ల దాకా మన తాండాల్లో పాత ఇళ్ళు పోయి కొత్తవి లేస్తున్నాయి. మేస్త్రి వచ్చి వంటగట్టు ఎంత ఎత్తు పెట్టాలని అడిగితే, అందరికీ పెట్టినంతే పెట్టమంటాం. అందరికీ పెట్టే ఆ ఎత్తు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ తిరిగిన కాలంలో మన వంటిల్లంటే మూడు రాళ్ళు. బిడారు కదిలితే రాళ్ళు అక్కడే ఉండిపోయేవి. రైళ్ళు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం పోయాక తాండా ఒకచోట నిలబడింది, మూడు రాళ్ళ చోట మట్టిపొయ్యి వచ్చింది. ఎత్తు మాత్రం మారలేదు, జానెడే. యాడి పీట మీద కూర్చుంటే పిండి పళ్ళెం, పెనం, పుల్లలు, నీళ్ళ చెంబు అన్నీ చెయ్యి చాపినంత దూరంలో ఉండేవి. కత్తిపీటనే తీసుకోండి. కూర్చునే పలక, కోసే కత్తి రెండూ ఒకే సామాను. ఇంత చోటు కలిసొచ్చే వస్తువు ఇప్పుడు ఏ షాపులోనూ దొరకదు.

నల్లమల చెంచు అన్నదమ్ముల సంగతీ ఇలాంటిదే. కృష్ణకి అవతల అమ్రాబాద్ వైపు చెంచుల మీద హైమెన్‌డార్ఫ్ 1943లో పుస్తకం అచ్చువేశాడు. అందులో కనిపించే గుండ్రటి, మొనతేలిన కప్పు గుడిసెలో వంటకని వేరే గది ఉండదు. నిప్పు ఉన్న చోటే వంట.

నేల మీద పొయ్యి అంటే వెనకబాటు అనుకోవద్దు. దాని వెనక తిండి ఉంది. పల్నాడు జొన్నల సీమ. శ్రీనాథుడు ఇక్కడికొచ్చి జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని చాటువులు చెబుతాయి. (ఆయనకి మన వేడి వేడి రొట్టె ఎవరూ పెట్టలేదేమో!) జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. వేడినీళ్ళు పోసి, అరచేతి మొదలుతో బరువు మోపి పిసకాలి. భుజాలు పిండికి బాగా పైన ఉంటేనే ఆ బలం దిగుతుంది. సంగటి కెలకాలన్నా అంతే, కుండ కింద ఉండాలి, మనిషి పైన ఉండాలి. ఆ పనికి ఆ ఎత్తు సరిపోయింది. అలాగని పొగనీ, మోకాళ్ళ నొప్పులనీ మరిచిపోయి పాత పొయ్యికి దండ వెయ్యమని చెప్పడం లేదు. ఆ పొగకి మన అమ్మమ్మల కళ్ళు ఏమయ్యాయో అందరం చూశాం.

తర్వాత రెండు మార్పులొచ్చాయి. 1967లో నాగార్జునసాగర్ ప్రారంభమయ్యాక కుడికాలువ కింద వరి పెరిగింది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక కాలువ నీళ్ళు అందని తాండాలో కూడా రోజూ అన్నం కుండ ఎక్కింది. అన్నానికి బరువు మోపే పని లేదు, నిలబడైనా వండొచ్చు. ఇక 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల ఆడవాళ్ళకి గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలైంది. అసలు పొయ్యిని పైకి లేపింది ఇదే. గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే నేల మీద పరుచుకుంటుంది. అందుకే సిలిండర్ నిలబెట్టి ఉంచాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి అన్నది గ్యాస్ కంపెనీల నియమం. 14.2 కిలోల సిలిండర్ రెండడుగులకి పైనే ఉంటుంది. అంటే గట్టు కనీస ఎత్తుని సిలిండర్ నిర్ణయించింది. వండే మనిషిని ఎవరూ కొలవలేదు.

ఈ కొలవకపోవడం మన దగ్గరే జరిగిందనుకోకండి. గట్టు ముందు నిలబడి వండే వంటిల్లుకి పేరు తెచ్చింది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్. 1926లో మార్గరెట్ షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు కార్మికుల ఇళ్ళకి 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవుతో ఒక వంటగది గీసింది. రైలు భోజన పెట్టెలోని వంటగదిని చూసి నేర్చుకుంది. దాదాపు పదివేల ఇళ్ళలో పెట్టారు. అందులో మనకి పనికొచ్చేది ఒకటుంది, ఎత్తు మార్చుకునే తిరుగుడు స్టూలు. కూరగాయలు కూర్చునే కోసుకోవాలని ఆమె లెక్క. తర్వాత ప్రపంచమంతా ఆ గట్టుని తీసుకుంది, స్టూలుని వదిలేసింది. ఇంకో మాట, అది గీసేనాటికి తను ఇంట్లో వంట చేసి ఎరగనని ఆమే తర్వాత చెప్పుకుంది. ఆ గదిలో ఇద్దరు కలిసి పనిచెయ్యలేకపోతున్నారని అద్దెకున్నవాళ్ళు గొణిగారు కూడా.

అమెరికాలో గట్టు 36 అంగుళాలు. మన దగ్గర మేస్త్రీలు మామూలుగా 32, 33 పెడతారు. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు అయిదడుగులకి అటూఇటు. అయిదడుగుల మనిషి మోచెయ్యి నేల నుంచి 37 అంగుళాల దగ్గరుంటుంది. కొయ్యడానికి, కలపడానికి గట్టు మోచేతికి బెత్తెడు కింద ఉంటే చాలు, అంటే 33 సరిపోతుంది. కానీ దాని మీద స్టవ్ పెడితే ఇంకో నాలుగంగుళాలు, దాని పైన గిన్నె. చెయ్యి భుజం దాకా లేస్తుంది. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కాబట్టి స్టవ్ పెట్టే చోట గట్టు మోచేతికి జానెడు కింద, 28 నుంచి 30 అంగుళాలు ఉండాలి. 30 పెడితే రెండంగుళాల బండ పోను సిలిండర్ కింద పడుతుంది. అంతకంటే తగ్గిస్తే సిలిండర్ని గట్టు పక్కన నిలబెట్టుకోవాలి, కానీ పొయ్యి దానికంటే పైనే ఉండాలి. గట్టు కింద తలుపులు బిగించొద్దు. నేలకి దగ్గరగా గోడకి ఒక కన్నం వదలండి. జొన్నరొట్టెకి 30 కూడా ఎత్తే. దానికి నేల మీద పీటే మేలు, స్టవ్ ఆర్పి ఉన్నప్పుడు పిండి కింద పిసికి తట్టుకుని, పైన కాల్చుకోవాలి. పిసకడం, కాల్చడం ఒకేచోట జరగాలని రాసిపెట్టి లేదు.

ఇప్పుడు స్థలం. జాతీయ భవన నియమావళి మామూలు వంటగదికి కనీసం 5 చదరపు మీటర్లు, 1.8 మీటర్ల వెడల్పు అడుగుతుంది. ప్రధానమంత్రి ఆవాస్ గ్రామీణ్ ఇల్లు మొత్తం 25 చదరపు మీటర్లు, వంట చోటు దాంట్లోనే. 2020 చివర్లో మన రాష్ట్రంలో మొదలైన కాలనీ ఇళ్ళు 340 చదరపు అడుగులు. 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్‌లో చెంచు కుటుంబాలకి ఒక్కో ఇంటికి 2.39 లక్షలు.

ఆరడుగుల వెడల్పు గదిలో రెండడుగుల గట్టు ఒక గోడకి కడితే నాలుగడుగులు మిగులుతుంది. ఒకరు పీట వేసుకుని కూర్చోవచ్చు, ఇంకొకరు పక్కగా నడవొచ్చు. బాగుంటుందని రెండు గోడలకీ కడితే మిగిలేది రెండడుగులు, పీట పట్టదు. అందుకే ఎదురెదురు గోడలకి గట్లున్న ఫొటోలు చూసి మోజుపడొద్దని మా మాట. ఫ్రిజ్ చిన్నదే కొన్నా రెండడుగుల చోటు, తలుపు తెరవడానికి ఇంకో రెండడుగులు కావాలి. అది ముందుగదిలో ఉంటే నష్టం లేదు. మిక్సీకి, కుక్కర్‌కి గట్టు మీద ప్లగ్గు పాయింటు ముందే పెట్టించాలి, సింకుకి దూరంగా.

రెంటచింతల ఎండలు అందరికీ తెలుసు. నడివేసవిలో రేకుల కింద ఎవరూ వండలేరు, అందుకే కొత్త ఇళ్ళు వచ్చినా బయట పందిరి కింద మట్టిపొయ్యి పోలేదు. అధికారులు దాన్ని చూసి వీళ్ళు మారరు అంటారు. బయట పొయ్యికి ఆరడుగుల చోటు, నీడ వదలకుండా స్థలం మొత్తం ఇల్లు కట్టేస్తే, ఆ పొయ్యి దారిలోకి వస్తుంది.

ఒక వీలు మనకుంది. నాపరాయి మన మాచర్ల, దాచేపల్లి వైపే దొరుకుతుంది. సిమెంటు పెట్టకముందు బండని ఊరికే ఇటుకల మీద ఆనించి, స్టవ్, గిన్నె పెట్టి అమ్మనో వదిననో ఒక పూట కూర కలపమనండి. ఒక వరస ఇటుక తీసి మళ్ళీ కలపమనండి. ఏ వరస దగ్గర ఆగాలో వాళ్ళే చెబుతారు, మేస్త్రి అప్పుడు సిమెంటు కలుపుతాడు.