బుడమేరు వరద: ఇంట్లోకి నీళ్లొస్తే మొహల్లా ఏం చేయాలి

బుడమేరు మైలవరం ప్రాంతపు కొండల్లో పుట్టి, విజయవాడ మీదుగా కొల్లేరులో కలిసే వాగు. ఎండాకాలంలో చూస్తే ఊరు ముంచేది ఇదేనా అనిపిస్తుంది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర దీని వరదను డైవర్షన్ కాలువలోకి మళ్లించి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. చిక్కు అక్కడే. కృష్ణ కూడా నిండుగా ఉంటే కాలువ నీరు నదిలోకి దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది.

2024లో జరిగిందదే. ఆగస్టు 31 కుండపోత తర్వాత కాలువ ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగాయి. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. సైన్యం కూడా దిగాక, మూడో గండి పూడేసరికి సెప్టెంబరు 7 అయింది. బ్యారేజీ దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేశారా లేదా అని చూస్తూ కూర్చున్నవాళ్లకు నీళ్లు వెనక నుంచి వచ్చాయి.

అందుకే వెలగలేరు గేట్లు ఎత్తారని తెలియగానే కదలాలి. మెయిన్ స్విచ్ ఆపి, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి, ఆధార్, రేషన్ కార్డు, నికాహ్‌నామా, మందులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవాలి. ముసలివాళ్లను, గర్భిణులను పగలుండగానే పంపించేయాలి. రాత్రి పడవ దొరకడం కష్టం. సాయానికి 112, విపత్తు కంట్రోల్ రూముకు 1070. మస్జిద్ మేడ ఎత్తుగా ఉంటే అది అందరిదీ, ఎవరి మతమేమిటని అడిగే సమయం కాదు. ఉన్న మంచినీళ్లు తాగడానికే సరిపోతే వుజూకు బదులు తయమ్ముమ్ చాలు.

నీళ్లు తీశాక బురద కడిగే తొందరలో చాలామంది ఫొటోలు మరిచిపోతారు. గోడ మీద నీటి గుర్తు, పాడైన ఫ్రిజ్, కుట్టుమిషన్, ఆటో, అన్నీ ముందు ఫోనులో తీయాలి. 2024లో ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000 ప్రకటించింది. లెక్కలు రాసేవాళ్లు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. అద్దెకుండేవాళ్లు కరెంటు బిల్లో, అద్దె కాగితమో దగ్గర పెట్టుకుంటే మేలు.

ఇక నోరు తెరవని ఇళ్లు. నిన్నటిదాకా జకాత్ ఇచ్చిన చిన్న దుకాణదారు, సరుకంతా పోయి అప్పు మిగిలినా, బియ్యం లైన్లో నిలబడడు. ఖురాన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో అప్పులపాలైనవాళ్లు ఉన్నారు. ఆ మాటను వివరిస్తూ తొలితరం వ్యాఖ్యాత ముజాహిద్, వరదలో సొమ్ము కొట్టుకుపోయినవాణ్ని పేరుపెట్టి చెప్పారు. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అర్హత పోదు. అప్పు ఎంత, చేతిలో ఏం మిగిలిందన్నది ఇమామ్ సాబ్‌తో కూర్చుని తేల్చుకోవాలి. కమిటీవాళ్లు ఆ ఇంటికి రాత్రిపూట, ఫొటోగ్రాఫర్ లేకుండా వెళ్లాలి.