గంప నుంచి బోనుకు: కోడిగుడ్డు నాణ్యతలో వసతి, మేతల పాత్ర

కోడిపెట్టకు వసతి అంటే రాత్రిపూట మూసే గంప, మేత అంటే పెరట్లో ఏరుకున్న గింజలు, పురుగులు, పచ్చగడ్డి అయిన కాలంలో గుడ్డు గుణం ఋతువును బట్టి మారేది. ఆకుల్లోని జాంతోఫిల్లు అనే పసుపు వర్ణకాలు సొనకు రంగునిస్తాయి కనుక, పచ్చిక మొలిచిన వానాకాలంలో సొన ముదిరి, ఎండలకు గడ్డి మాడిపోగానే వెలిసిపోయేది.

కోళ్లను ఏడాది పొడవునా షెడ్డులో ఉంచడానికి మొదట అడ్డుపడింది స్థలం కాదు, ఎండ. సూర్యరశ్మి తగలని కోడికి విటమిన్ డి కొరవడి, మేతలో సున్నం ఉన్నా అది ఒంటబట్టక, పెంకు పలచబడేది. 1922లో అమెరికాలో ఎల్మర్ మెకాలమ్ బృందం కాడ్ చేప కాలేయపు నూనెలో రికెట్స్ అనే ఎముకల జబ్బును మాన్పే ఈ విటమిన్ వేరుగా ఉందని తేల్చాక, ఆ నూనె దాణాలో చేరింది. అంటే ఒక విధంగా ఎండనే దాణాలో కలిపారు. తరువాతి దశాబ్దంలో అక్కడ తీగ బోనులు వ్యాపించడానికి ఇది దారి తీసింది. 1937లో రేమండ్ హా చిక్కటి తెల్లసొన ఎత్తును గుడ్డు బరువుతో జోడించి గుడ్డు నాణ్యతను కొలిచే ప్రమాణాన్ని రూపొందించాడు. అయితే ఆ కొలతను మేత కంటే కోడి వయసు, గుడ్డు నిల్వ ఉన్న తీరే ఎక్కువగా శాసిస్తాయి.

తెలుగునాట వైట్ లెగ్‌హార్న్ సంతతి కోళ్లు వరిపొట్టు పరచిన షెడ్లలోంచి క్రమంగా బోనులకు మారాయి. పొట్టుపై పెట్టిన గుడ్డుకు రెట్ట అంటుతుంది. బోనులో గుడ్డు శుభ్రంగా దొర్లి వచ్చినా, తీగకు తగిలి చిట్లే ప్రమాదం ఉంటుంది. 1982లో కోళ్ల పరిశ్రమ ప్రముఖుడు బి.వి.రావు చొరవతో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం నూరు గుడ్లకు ఇంత అని ధర ప్రకటించే పద్ధతిని తెచ్చింది. గుడ్డు లెక్కకు అమ్ముడయ్యే సరుకు అయినప్పుడు రైతు చూపు సొన కంటే పెంకు మీద నిలవడం సహజం. ఒక్కో పెంకుకు రెండు గ్రాములకు పైగా కాల్షియం కావాలి. అందులో అధిక భాగం రాత్రివేళ పేరుకుంటుంది కనుక, కందనకాయలో నెమ్మదిగా కరిగే ముతక సున్నపురాయి ముక్కలను మేతలో కలుపుతారు. వేసవిలో ఈ ఏర్పాటూ చాలదు: వగర్చే కోడి రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, పెంకుకు కావలసిన కార్బోనేటు కొరవడుతుంది.

చవకగా దొరికే మేతకూ ఖరీదు ఉంది. నూకలు, తవుడు ఎక్కువైతే సొన పాలిపోతుంది, పసుపు మొక్కజొన్న దాన్ని సరిచేస్తుంది. పత్తిచెక్కలోని గాసిపాల్ నిల్వ ఉంచిన గుడ్ల సొనను ఆకుపచ్చ గోధుమరంగుకు తిప్పుతుంది.

ఐరోపా సమాఖ్య 1999లో చేసిన చట్టం ప్రకారం 2012 నుంచి అక్కడ పాతరకం ఇరుకు బోనులు నిషిద్ధమయ్యాయి. బోను వదిలి ఎండలో తిరిగే కోళ్ల గుడ్లలో విటమిన్ డి ఎక్కువన్నది నిజమే గాని, దాన్ని కంటితో పోల్చుకోలేం. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది, సొన రంగును దాణాలోని బంతిపూల సారం ఇస్తుంది. నాటుగుడ్డు గుర్తులని కొనేవాళ్లు నమ్మే ఆ రెండూ బోనులోని కోడి గుడ్డుకూ అమరుతాయి.